తెరవరాని పెట్టెతో ఒక ప్రయాణం

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సులో మీరెప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? నందిగామ దాటాక రోడ్డుకి రెండువైపులా పత్తిచేలు, మిరపచేలు కనిపిస్తాయి. చిల్లకల్లు టోల్‌గేటు వచ్చిందంటే జగ్గయ్యపేట వచ్చేసినట్టే. చాలామంది మా ఊరిని బస్సులోంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళే. ఆ తర్వాత గరికపాడు, పాలేరు వంతెన, అది దాటితే తెలంగాణ. అంటే మాది ఆంధ్రప్రదేశ్‌కి గుమ్మం లాంటి ఊరన్నమాట. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాం.

మా ఊరి అసలు పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తమ తండ్రి జగ్గన్న గారి పేరు మీద జగ్గయ్యపేట అని పెట్టారు. ఊరి పక్కన ధనంబోడు అనే దిబ్బ మీద బౌద్ధుల స్తూపం ఉంది. 1882లో బర్జెస్ అనే దొర అక్కడ తవ్వించాడు. అప్పట్లో దొరికిన చెక్కుడు రాళ్ళలో మాంధాత చక్రవర్తి బొమ్మ ఉన్న రాయి మద్రాసు మ్యూజియంలో ఉంది. మా ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళలో కూడా ఆ దిబ్బ ఎక్కినవాళ్ళు తక్కువే. నేనూ పెళ్ళై వచ్చిన పదిహేనేళ్ళకి గానీ ఎక్కలేదు. ఆ స్తూపం సంగతి మళ్ళీ చెబుతాను. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పనివ్వండి.

నా పుట్టిల్లు నందిగామ. చిన్నప్పుడు మా నాన్న ట్రాన్సిస్టరు రేడియో పలకడం మానేస్తే వెనక ఉన్న నాలుగు మరలూ ఊడదీసి, దుమ్ము ఊది, ఊడిన తీగకి టంకం వేయించుకొచ్చేవారు. ఆ రేడియో నా పెళ్ళిదాకా పలికింది. మా అమ్మ ఇత్తడి గిన్నెలకి ఏటా కళాయి పోయించేది. రోలు నున్నబడితే గంట్లు కొట్టేవాళ్ళని పిలిచేది. మిక్సీ జార్లో బ్లేడు అరిగితే బ్లేడు మార్పించుకుంటాం కానీ మిక్సీ పారేయం కదండీ! మోటారు కాలిపోతే వైండింగు చేయిస్తాం. మన ఆడవాళ్ళకి ఇదేమీ కొత్త విద్య కాదు.

అలాంటి ఇంట్లోకి 2022లో ఒక లాప్‌టాప్ వచ్చింది. మా పెద్దమ్మాయికి బీటెక్‌లో సీటొచ్చిందని మా వారు ముచ్చటపడ్డారు. నేను రెండేళ్ళు కట్టిన చీటీ పాడి, అక్షరాలా తొంభైరెండు వేలు పెట్టి కొన్నాం. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అప్పడంలా పల్చగా, వెండి పళ్ళెంలా మెరుస్తూ ఉండేది. షాపులో కుర్రాడు, "ఆంటీ, ఇది టాప్ మోడల్, మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నిజమే, మళ్ళీ చూసుకోవడానికి వీల్లేకుండానే తయారుచేశారని మాకు తర్వాత తెలిసింది.

మా ఇంట్లో ఇంకో లాప్‌టాప్ ఉంది. 2013లో మా వారు ముప్పైవేలకి కొన్నది. లావుగా, బరువుగా, చూడ్డానికి పాత సూట్‌కేసులా ఉంటుంది. 2020లో కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైను పాఠాలకి దాన్ని దించితే, తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. మా బజారులోని కంప్యూటరు షాపబ్బాయి నా ఎదురుగానే మరలు విప్పాడు. ర్యామ్ అనే పచ్చటి బద్ద తీసి పెద్దది పెట్టాడు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డి అనే కొత్తరకం పెట్టాడు. గంటలో పని అయిపోయింది. అన్నీ కలిపి నాలుగున్నర వేలు. అది ఈనాటికీ పనిచేస్తోంది. మా చిన్నవాడు దాని మీదే ఇంటర్ చదువుకుంటున్నాడు.

ఈ ర్యామ్ అంటే ఏమిటని నేను కూడా అడిగాను. దాన్ని మన వంటగట్టు అనుకోండి. గట్టు పెద్దదైతే కూరలు తరిగే పళ్ళెం, పిండి గిన్నె, పోపుల డబ్బా అన్నీ ఒకేసారి పరుచుకుని చకచకా పని చేసుకోవచ్చు. గట్టు చిన్నదైతే ఒకటి తీసి ఒకటి పెట్టుకోవాలి. ఎస్ఎస్‌డి అంటే కొట్టుగది. సరుకులన్నీ నిలవుండేది అక్కడ. అంతే, ఇంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మూడో సంవత్సరంలో మా అమ్మాయి, "అమ్మా, కాలేజీ ప్రాజెక్టుకి ఈ ర్యామ్ చాలడం లేదు, పెంచాలి" అంది. అదెంత పని అనుకుని అదే షాపుకి తీసికెళ్ళాను. ఆ అబ్బాయి అడుగుభాగం విప్పి చూసి మళ్ళీ మూసేశాడు. "అక్కా, దీనికి ర్యామ్ బద్ద లేదు. చిప్పులు బోర్డుకే టంకం పెట్టేశారు. ఎస్ఎస్‌డి కూడా అంతే. కొన్నప్పుడు ఎంత ఉందో చచ్చేదాకా అంతే" అన్నాడు. ముప్పైవేల పాతదానికి ఉన్న వెసులుబాటు తొంభైరెండు వేల కొత్తదానికి లేదన్నమాట! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పటికైనా కళ్ళు తెరుచుకోవలసింది. తెరుచుకోలేదు. 2025 శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి మా అమ్మాయి ఇంటికొచ్చింది. వ్రతం ముందురోజు సాయంత్రం లాప్‌టాప్ నొక్కితే వెలగలేదు. చార్జరు మార్చి చూశాం, రాత్రంతా పెట్టి చూశాం. ఉలుకూ పలుకూ లేదు.

ప్రాజెక్టు పోతుందని దాని బెంగ దానిది. నా బెంగ వేరు. మా అత్తగారు 2024లో కాలం చేశారు. అంతకు ముందు ఏడాది సెలవుల్లో మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని వంటలన్నీ చెప్పించుకుని ఫోనులో రికార్డు చేసింది. బూరెల పూర్ణం, చింతకాయ తొక్కు, మాగాయ ఊట, బాలింత పథ్యం, అన్నీ ఆవిడ గొంతులోనే. ఫోను నిండిపోతోందని వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోనులోంచి తీసేసింది. ఇంకోచోట దాచలేదు. "అంత ఖరీదు పెట్టి కొన్నాం, దానికేమవుతుందిలే" అనుకున్నాం. ఆ ఏడాది వ్రతానికి బూరెలు చేస్తూ పూర్ణం జారిపోతుంటే, ఆవిడ మాట వినడానికి కూడా లేకపోయింది.

సోమవారం విజయవాడ వెళ్ళాం. అక్కడి సర్వీసు సెంటర్‌లో ఏసీ గది, టోకెన్ నంబరు, అన్నీ మర్యాదగానే ఉన్నాయి. అరగంట తర్వాత ఒకాయన వచ్చి, "మదర్‌బోర్డు పోయింది మేడమ్. కొత్త బోర్డు వేస్తే యాభైనాలుగు వేలు అవుతుంది" అన్నాడు. ఏ భాగం పోయిందండీ అంటే, "మేము భాగాలు చూడం, బోర్డు మొత్తం మారుస్తాం" అన్నాడు. మరి లోపల ఉన్న రికార్డింగులు? "స్టోరేజి కూడా ఆ బోర్డు మీదే ఉంది కదండీ, అవి రావు" అన్నాడు. చూశారా, వంటగట్టు పగిలితే కొట్టుగదితో సహా ఇల్లంతా పడగొట్టాలంటున్నారు! పాతరకమైతే హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంకోదానికి తగిలించి సరుకంతా తీసేసుకునేవాళ్ళం. ఆ అబ్బాయిని అని లాభంలేదు, అతనికిచ్చిన పద్ధతి అది. ఇద్దరం నోరెత్తకుండా బస్సెక్కాం.

ఆ రాత్రి మా బజారులో షాపబ్బాయే దారి చూపించాడు. "అక్కా, సికింద్రాబాదులో ప్యారడైజ్ దగ్గర సీటీసీ అని ఉంది. అక్కడ చిప్ లెవెల్ చేసేవాళ్ళు ఉంటారు. ఒక్కసారి చూపించండి" అన్నాడు.

తెల్లవారుజామున అయిదింటికి బస్సెక్కాం. లాప్‌టాప్‌ని పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పులిహోర పొట్లాలు, మంచినీళ్ళు సంచిలో ఉన్నాయి. పాలేరు వంతెన మీదకి వచ్చేసరికి 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద గుర్తొచ్చింది. అక్కడ రోడ్డు కోసుకుపోయి హైదరాబాదు, విజయవాడల మధ్య బళ్ళు ఆగిపోయాయి. మట్టీ రాళ్ళూ పోసి, కోసుకుపోయిన మేరకు పూడ్చి మళ్ళీ నడిపించారు. అంత పెద్ద రోడ్డుకే పోయినచోట అతుకు వేసుకోగలిగినప్పుడు, అరచేతి మందం లేని పెట్టెకి వేసుకోలేమా అనిపించింది.

కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్‌లో దిగాం. అక్కడ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ప్యారడైజ్ స్టేషనులో దిగాలి. మెట్రో కొత్తవాళ్ళు భయపడనక్కర్లేదు, తెలుగులో చెబుతూనే ఉంటారు. అక్కణ్ణుంచి పార్క్‌లేన్ దగ్గరే. సీటీసీ అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్. లోపలికి వెళితే బీసెంట్ రోడ్డులో పండగ ముందు చీరల షాపుల్లా ఒకదాన్నానుకుని ఒకటి కంప్యూటరు కొట్లు. బల్లల మీద విప్పిన లాప్‌టాప్‌లు, గాజు అరల్లో బ్యాటరీలు, కీబోర్డులు, స్క్రీన్లు, సంచుల నిండా మరలు. పాత ఆల్విన్ గడియారం లాగా లోపలి చక్రాలన్నీ బయటపెట్టుకున్న వీధి అనుకోండి.

మా షాపబ్బాయి చెప్పిన కొట్టు మేడమీద ఉంది. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళకి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. నేను అత్తగారి రికార్డింగుల సంగతి చెప్పగానే, "అమ్మా, ముందు చూస్తాను. బతికితేనే డబ్బులు, లేకపోతే చూసిన కూలి ఇవ్వండి" అన్నాడు. నన్ను కూర్చోమని స్టూలు కూడా వేశాడు.

ఆయన ఏం చేశాడో చూసింది చూసినట్టు చెబుతాను. ముందు బ్యాటరీ తీయాలి. మరలు ఉంటే నిమిషం పని. దీనికి జిగురుతో అంటించారు. ఏదో ద్రవం వేసి, సన్నటి ప్లాస్టిక్ రేకుతో, బూరె పైపూత చిరక్కుండా విడదీసినట్టు నెమ్మదిగా లేపాడు. గట్టిగా పీకితే బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉందట. తర్వాత బోర్డుని బల్లమీద పెట్టి కొద్దిపాటి కరెంటు ఇచ్చాడు. బోర్డు మీద స్పిరిట్ లాంటిది రాశాడు. ఎక్కడ లోపం ఉందో అక్కడ వేడెక్కుతుంది కదా, ఆ చోట తడి ముందు ఆరిపోయింది. మైక్రోస్కోపులో నాకూ చూపించాడు. ఆవగింజలో పావు వంతు కూడా లేదు. కెపాసిటరట! అదొక్కటి కాలి, బోర్డు మొత్తాన్ని పడుకోబెట్టింది. యాభైనాలుగు వేల బోర్డు పోయిందన్నది ఈ ఆవగింజ పోయినందుకు!

"మరి కంపెనీవాళ్ళు ఇదే మార్చొచ్చు కదా బాబూ?" అన్నాను. ఆయన నవ్వి, "ఈ పనికి టైము, చెయ్యి తిరగడం కావాలమ్మా. బోర్డు మార్చడం సులువు. మాకు కష్టమేమిటంటే బోర్డు లోపలి బొమ్మ ఇవ్వరు, భాగాలు విడిగా అమ్మరు. పాత బోర్డుల నుంచి పీకి దాచుకుంటాం" అన్నాడు. ఆయన బల్ల కింద చచ్చిపోయిన బోర్డుల డబ్బా ఉంది. అందులోంచే అదే రకం గింజ తీసి, వేడిగాలితో అతికించాడు. పోపుల డబ్బాలోంచి మెంతిగింజ తీసినంత తేలిగ్గా తీశాడు.

ఎదురుచూసే వేళ కబుర్లలో ఆయనే ఇంకొన్ని సంగతులు చెప్పాడు. ఈ పోకడ ఒక్క కంపెనీది కాదు. 2012లో ఆపిల్‌వాళ్ళు తెచ్చిన కొత్త మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ని టంకం పెట్టి, బ్యాటరీని జిగురుతో అంటించారు. 2020 చివర్లో వచ్చిన ఎం1 చిప్పుతో ర్యామ్‌ని మెదడు చిప్పు పక్కనే ఒకే ముద్దగా చేసేశారు. మాది వేరే కంపెనీది. పల్చటి ఖరీదైన మోడళ్ళలో మిగతావాళ్ళూ ఆ బాటే పట్టారు. అందులో మంచి కూడా లేకపోలేదు. పల్చగా ఉంటుంది, బరువు తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, పనీ చురుగ్గా సాగుతుంది. కానీ పోయినప్పుడు నష్టం మాత్రం కొన్నవాళ్ళదే.

అలాగని దారి లేకపోలేదు. 2021లో అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ, ఇంట్లోవాళ్ళే మరలు విప్పి ఏ భాగమైనా మార్చుకునే పల్చటి లాప్‌టాప్ తెచ్చింది. అదే ఏడాది జనవరి నుంచి ఫ్రాన్సులో లాప్‌టాప్‌ల మీద, బాగుచేయడానికి ఎంత వీలో పదికి ఇన్ని మార్కులని వేయడం మొదలుపెట్టారు. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం నాడు, దానికోసం వెబ్‌సైటు పెట్టింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, ఇంటి సామాన్లు, బళ్ళు, వ్యవసాయ యంత్రాలు అందులోకి వస్తాయి. ఫ్రాన్సులోలాగా మార్కులు వేసే పద్ధతి మీద 2025 మేలో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. ఫ్రిజ్ మీద కరెంటు పొదుపు నక్షత్రాలు చూసి కొంటున్నాం కదా, రేపు రిపేరు మార్కులు చూసి కూడా కొంటామన్నమాట.

సాయంత్రం నాలుగింటికి ఆయన బటన్ నొక్కాడు. స్క్రీను వెలిగింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ముందు మీకు కావలసినవి తీసేసుకోండమ్మా. ఎన్నాళ్ళు నడుస్తుందో నేను హామీ ఇవ్వలేను" అన్నాడు ఆయన. అక్కడే ఒక చిన్న హార్డ్‌డిస్క్ కొని అన్నీ దాంట్లోకి ఎక్కించాం. కూలి ఆరువేల అయిదు వందలు. బేరమాడాలని కూడా అనిపించలేదు, నమ్మండి.

తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటాక మా అమ్మాయి ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టింది. అత్తగారి గొంతు! "బెల్లం చారెడు వెయ్యి. చారెడంటే నీ చారెడు కాదే, నా చారెడు" అంటున్నారు. వెనకాల మా ఇంటి కుక్కరు కూత కూడా వినిపిస్తోంది. మేమిద్దరం సూర్యాపేట దాకా ఒక్కమాటా మాట్లాడుకోలేదు. నా పూర్ణం ఎందుకు జారిందో మాత్రం తెలిసింది. ఆవిడ చెయ్యి నా చెయ్యికన్నా చిన్నది.

ఇప్పుడు ధనంబోడు సంగతి. ఆ స్తూపం దగ్గర దొరికిన రాతిస్తంభాల మీద ప్రాకృత భాషలో ఒక శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడు అనే శిల్పి వెలగిరి మహాచైత్యానికి తూర్పువాకిట అయిదు స్తంభాలు నిలబెట్టించాడని అందులో ఉంది. ఆ స్తూపం అప్పటికే కొన్ని వందల ఏళ్ళ కిందటిది. కట్టినవాళ్ళెవరో, తర్వాత అయిదు స్తంభాలు చేర్చినవాడెవరో! పాతది పడగొట్టకుండా, కొత్తది కలుపుకోవడానికి చోటున్న కట్టడం అది. ఊరికి తిరిగొచ్చిన ఆదివారం మా అమ్మాయిని తీసుకుని ఆ దిబ్బ ఎక్కాను. "అమ్మా, వీళ్ళకి ర్యామ్ పెంచుకునే వీలుందన్నమాట" అంది అది. ఇద్దరం నవ్వుకున్నాం.

మీరు మా వైపు వస్తే ధనంబోడు తప్పక చూడండి. ఎండ తగ్గాక వెళ్ళండి, మంచినీళ్ళు తీసుకెళ్ళండి. అక్కణ్ణుంచి కృష్ణ ఒడ్డున ఉన్న వేదాద్రి నరసింహస్వామిని కూడా దర్శించుకోవచ్చు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడీ మాకు దగ్గరే.

ఇక పిల్లలకి లాప్‌టాప్ కొనబోయే తల్లులకి నాలుగు మాటలు. చీర కొనేటప్పుడు తిరగేసి అంచు చూస్తాం కదా, లాప్‌టాప్‌నీ తిరగేసి చూడండి. అడుగున మరలు కనిపిస్తున్నాయా? ర్యామ్ ఊడదీసి మార్చుకునేదా, టంకం పెట్టిందా అని అడగండి. టంకం పెట్టిందే కొనాల్సొస్తే, నాలుగేళ్ళ తర్వాత ఎంత కావాలో అంత మొదటే తీసుకోండి. ఎస్ఎస్‌డి విడిగా వస్తుందా, బ్యాటరీకి మరలా జిగురా, కొత్త బ్యాటరీ ఎంతవుతుంది, వారంటీ అయ్యాక దొరుకుతుందా అని అడగండి. మాట కాదు, మోడల్ వివరాల కాగితం చూపించమనండి. కొన్నాక అన్యాయం జరిగిందనిపిస్తే 1915కి ఫోను చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్‌వాళ్ళు దారి చెబుతారు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల చదువైనా పెద్దల గొంతైనా ఒక్కచోటే దాచకండి. ఊరగాయనైనా రెండు జాడీల్లో పెట్టుకునేవాళ్ళం కదండీ మనం!

ఆ లాప్‌టాప్ ఇప్పటికైతే నడుస్తోంది. మా పాత సూట్‌కేసు లాంటిది కూడా నడుస్తోంది. అత్తగారి వంటలు మాత్రం మూడుచోట్ల ఉన్నాయి. హార్డ్‌డిస్క్‌లో ఒకటి, పాత లాప్‌టాప్‌లో ఒకటి, నేను నోటుబుక్కులో రాసుకున్నది ఒకటి. మొదటి పేజీలో ఇలా రాసుకున్నాను: "అత్తగారి చారెడు అంటే నా చారెడుకి కాస్త తక్కువ."